బయ్యరుతో ఇంగ్లీషు: చీమకుర్తి ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో మేం పాటించే పద్ధతులు

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో ఎక్స్‌పోర్ట్ పనికి కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారంలో అనే మాట ఒకటే: "అక్కా, బయ్యరు ఫోన్ మీరే ఎత్తండి. నాకు గ్రామర్ సరిగ్గా రాదు." ఆ భయం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. నేనూ పొదిలి పక్క పల్లెలో, జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదువుకుని ఈ పనిలోకి వచ్చినదాన్నే. చాలా ఏళ్లుగా రోజూ విదేశీ బయ్యర్లతో మాట్లాడుతున్నాను కాబట్టి గట్టిగా చెప్తున్నా, ఈ పనికి కావలసిన ఇంగ్లీషు మన పిల్లలందరికీ వస్తుంది. దేని మీద కష్టపడాలో, దేన్ని వదిలేయాలో తెలిస్తే చాలు.

ముందు అవతల ఫోన్ పట్టుకున్నది ఎవరో చూడండి. మన బ్లాక్ గెలాక్సీ రాయి (బంగారు చుక్కలుండే నల్ల గ్రానైట్) అడిగేవాళ్లలో చైనావాళ్లుంటారు, ఇటలీవాళ్లుంటారు, తైవాన్‌వాళ్లుంటారు. వాళ్లకూ ఇంగ్లీషు నేర్చుకున్న భాషే. చైనాలోని షియామెన్‌లో ఏటా పెద్ద రాళ్ల ఎగ్జిబిషన్ జరుగుతుంది. అక్కడ టర్కీ మనిషీ, బ్రెజిల్ మనిషీ, మన ఒంగోలు మనిషీ బేరమాడుకునేది ఇంగ్లీషులోనే, ముగ్గురి ఇంగ్లీషూ మూడు రకాలు. మీ వాక్యంలో 'ది' ఎక్కడ పడింది, 'ఎ' ఎక్కడ జారిపోయింది అని అక్కడ ఎవరూ చూడరు. కాల్ పెట్టేసేసరికి మీ కాగితం మీద ఉన్న అంకే అతని కాగితం మీదా ఉండాలి. తేదీ ఒకటే అయ్యుండాలి, షరతు ఒకటే అయ్యుండాలి. నేను ఇక్కడ చెప్పేదంతా దాని కోసమే.

గ్రామర్‌లో ఒక్క విషయం మాత్రం వదలకూడదు, అది కాలం. 'వి సెంట్' అంటే పంపేశాం, 'వి విల్ సెండ్' అంటే పంపబోతున్నాం. 'వి సెండ్' అని ఊరుకుంటే కంటైనర్ యార్డులో ఉందో సముద్రం మీద ఉందో అతనికి తెలియదు. తడబాటుగా ఉంటే కాలాన్ని మాటతోనే కట్టేయండి: 'ఎస్టర్‌డే', 'టుడే', 'ఆన్ 18 జూన్'. క్రియ తప్పినా తేదీ కాపాడుతుంది.

అంకెల దగ్గర

ఎక్కువ నష్టాలు అంకెల దగ్గరే జరుగుతాయి కాబట్టి ఎక్కువ సాధన కూడా ఇక్కడే కావాలి.

ఫిఫ్టీన్, ఫిఫ్టీ. థర్టీన్, థర్టీ. ఇంగ్లీషు పలుకుబడిలో ఫిఫ్టీన్ అన్నప్పుడు బరువు చివరి 'టీన్' మీద పడుతుంది, ఫిఫ్టీ అన్నప్పుడు మొదటి 'ఫిఫ్' మీద పడుతుంది. మనం రెండింటినీ ఒకే తూకంలో అనేస్తాం. చివరనున్న 'న్' కాస్తా కట్టర్ల మోతలో కలిసిపోతుంది. అందుకని అంకె చెప్పి వెంటనే విడదీసి మళ్లీ చెప్పాలి: "ఫిఫ్టీన్ బ్లాక్స్. వన్, ఫైవ్." విమానాల పైలట్లు కూడా రేడియోలో అంకెల్ని ఇట్లా విడివిడిగానే చెప్తారు. నైన్, ఫైవ్ ఒకదానిలా ఒకటి వినపడకూడదని నైన్‌ను 'నైనర్' అనడం వాళ్ల పద్ధతి. అంత కట్టుదిట్టం వాళ్లకే అవసరమైనప్పుడు మనం మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

బ్లాకు అంటే క్వారీలో తీసిన పెద్ద రాతి దిమ్మ. దాని కొలతలకు ఒక వరుస పెట్టుకుని ఎప్పుడూ అదే వరుసలో చెప్పండి. పొడవు, ఎత్తు, వెడల్పు అనుకుంటే అంతే. "లెంగ్త్ టూ నైన్ జీరో. హైట్ వన్ ఎయిట్ జీరో. విడ్త్ వన్ సెవెన్ జీరో. ఆల్ ఇన్ సెంటీమీటర్స్." ప్రతిదాని తర్వాత ఒక ఊపిరి ఆగండి, అతను రాసుకోవాలి కదా. స్లాబు (బ్లాకును కోసిన పలక) మందం చెప్పేటప్పుడు యూనిట్ మింగేయవద్దు. ఒకరు 20 ఎమ్ఎమ్ అంటారు, ఇంకొకరు 2 సెంటీమీటర్లంటారు, రెండూ ఒకటే. 'ట్వంటీ థిక్‌నెస్' అని ఊరుకుంటే మాత్రం ఏమీ చెప్పనట్టే.

'డబుల్ ఫైవ్', 'ట్రిపుల్ జీరో' మన దగ్గర అందరికీ అర్థమవుతాయి, బయట చాలామందికి కావు. 'ఫైవ్ ఫైవ్' అనండి. లక్ష, కోటి అసలే వద్దు. లక్ష అంటే హండ్రెడ్ థౌజండ్, పది లక్షలు ఒక మిలియన్, కోటి అంటే టెన్ మిలియన్. లెక్కలు వేసేటప్పుడు మనసులో లక్షలే తిరుగుతాయి కాబట్టి కాల్‌కి ముందే మొత్తాన్ని మిలియన్లలో కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి.

రాసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఇటలీ, జర్మనీ, బ్రెజిల్ వాళ్లు మనం చుక్క పెట్టేచోట కామా పెడతారు, కామా పెట్టేచోట చుక్క పెడతారు. వాళ్లు 2,5 అని రాస్తే అది రెండున్నర. 1.500 అని రాస్తే పదిహేను వందలు, ఒకటిన్నర కాదు. కొటేషన్ చదివేటప్పుడు ఆ అంకె వేలల్లో ఉండాల్సిందా, ఒకట్లలో ఉండాల్సిందా అని ఒకసారి ఆలోచించండి. అనుమానం ఉంటే "వన్ థౌజండ్ ఫైవ్ హండ్రెడ్ డాలర్స్, కరెక్ట్?" అని నోటితో అడిగేయండి.

తేదీల్లో నెలను ఎప్పుడూ పేరుతోనే రాయాలి. 05/06 అని రాస్తే మనకు జూన్ 5, అమెరికా వాళ్లకు మే 6. 'టుమారో మార్నింగ్' అన్నా ఎవరి పొద్దున అని అడగాలి. చైనా టైము మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ఇటలీ చలికాలంలో నాలుగున్నర గంటలు, ఎండాకాలంలో మూడున్నర గంటలు వెనక ఉంటుంది. "టెన్ ఓ క్లాక్ ఇండియా టైమ్" అంటే గొడవ లేదు.

కంటైనర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. నాలుగో అక్షరం మామూలుగా 'యు'. చివరి అంకె ముందున్న అక్షరాల్నీ అంకెల్నీ కలిపి లెక్కకట్టగా వచ్చేది, నంబరు తప్పుగా రాసుకుంటే పట్టుకోవడానికే దాన్ని పెట్టారు. అక్షరాలు ఫోన్లో చెప్పేటప్పుడు బి, పి, డి, టి, వి అన్నీ ఒకేలా వినపడతాయి. 'వి ఫర్ విజయవాడ' అంటే షియామెన్‌లో కూర్చున్నాయనకు ఏం తెలుస్తుంది? విమానాలవాళ్ల ఆల్ఫా, బ్రావో, చార్లీ వరుస నేర్చుకుంటే మంచిది. అది గుర్తుండకపోతే అందరికీ తెలిసిన దేశాల పేర్లు వాడండి, 'బి ఫర్ బ్రెజిల్', 'పి ఫర్ పోలండ్' అని.

మా తమ్ముడు నెల్లూరు వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేస్తాడు. వాళ్లకూ ఇదే బాధ. మన చెరువుగట్టు మీద 50 కౌంట్ అంటే కిలోకు యాభై రొయ్యలు. అమెరికా బయ్యరు సైజు చెప్పేది పౌండుకు. కిలోకు యాభై అంటే పౌండుకు ఇరవై మూడు దాకా వస్తాయి. పైగా తలతోనా, తల తీసేసా అన్నది వేరే సంగతి. అందుకని వాడు అంకె కంటే ముందు ఆ రెండు మాటలూ అంటాడు: "పర్ కేజీ, హెడ్ ఆన్." తర్వాతే కౌంటు. సరుకు ఏదైనా అంకెకు ముందు యూనిట్ చెప్పే ఈ అలవాటు మంచిది.

యెస్ అన్నామంటే ఒప్పుకున్నట్టే

ఫోన్లో ఎవరైనా చెప్తుంటే మధ్యమధ్యలో 'ఆఁ... ఆఁ...' అనకపోతే మనం వినడం లేదనుకుంటారు. ఆ అలవాటు ఇంగ్లీషులోకి వచ్చేసరికి 'యెస్, యెస్' అవుతుంది. అవతల బయ్యరు రేటు తగ్గించి చెప్తున్నాడు, మనం యెస్ యెస్ అంటున్నాం. అతని లెక్కలో రేటు ఖాయమైపోయింది! వింటున్నానని తెలియాలంటే "ప్లీజ్ గో ఆన్" అనండి, లేదా ఉత్త "ఊఁ" అనండి. 'యెస్', 'ఓకే' రెండింటినీ నిజంగా ఒప్పుకునేచోటికే దాచుకోండి.

రెండో చిక్కు ఇంతకంటే లోతైనది. "యూ హ్యావ్ నాట్ లోడెడ్ ది కంటైనర్?" అని అడిగారనుకోండి. లోడ్ చేయలేదు. తెలుగులో మన జవాబు "ఆఁ, ఇంకా చేయలేదు." నోటికి 'యెస్' వచ్చేస్తుంది. ఇంగ్లీషు పద్ధతిలో చేయనప్పుడు 'నో' అనాలి. చైనావాళ్ల భాషలో మళ్లీ మన పద్ధతే, మీరన్నది నిజమే అనడానికి అవునంటారు. కాబట్టి ఎదుటివాడి 'యెస్' ఏ లెక్కలో వచ్చిందో కూడా చెప్పలేం. దీనికి మందు ఒక్కటే. 'లేదు', 'కాదు' కలిసిన ప్రశ్న వస్తే యెస్, నో రెండూ పక్కన పెట్టి పూర్తి వాక్యం చెప్పండి: "ది కంటైనర్ ఈజ్ నాట్ లోడెడ్ యెట్. వి విల్ లోడ్ ఇట్ ఆన్ మండే." మీరు అడిగేటప్పుడూ ప్రశ్నలో 'నాట్' పెట్టకండి.

తల ఊపడం కూడా వీడియో కాల్లో జాగ్రత్త. మనం పక్కలకు ఆడించే తల వాళ్లకు అవునో కాదో తెలియదు. నోటితో చెప్పేయడమే నయం.

ఇక 'చూద్దాం', 'ట్రై చేస్తాం'. కాదని మొహం మీద చెప్పడం మర్యాద కాదని మన పెంపకం. "వి విల్ ట్రై అవర్ బెస్ట్" అంటే బయ్యరు సగం మాట ఇచ్చినట్టే తీసుకుంటాడు, తన కస్టమర్‌కి తనూ మాటిచ్చేస్తాడు. కుదరదని చెప్పి, కుదిరేది వెంటనే చెప్పండి: "10 జూన్ ఈజ్ నాట్ పాజిబుల్. 18 జూన్ ఈజ్ పాజిబుల్." ఇందులో కటువు ఏమీ లేదు. చెన్నై పోర్టుకు కంటైనర్ ఆలస్యమైతే కారణం ఒక్క వాక్యంలో చెప్పి, కొత్త తేదీ ఇచ్చి, మీరు ఏం చేస్తున్నారో చెప్పి ఆగిపోండి. పేజీడు క్షమాపణల కంటే ఆ తేదీయే అతనికి కావాలి.

యార్డులో వీడియో కాల్

ఇప్పుడు చాలామంది బయ్యర్లు బ్లాకును ముందు ఫోన్లోనే చూస్తున్నారు. కాల్‌కి ముందే మేస్త్రీకి చెప్పి బ్లాకు ముఖాల మీద 1, 2, 3, 4 అని పెద్దగా రాయించండి. 'లెఫ్ట్ సైడ్' అంటే ఎవరి ఎడమ? "ఫేస్ టూ" అంటే ఇద్దరూ ఒకేచోట చూస్తారు. కంప్రెసర్ ఆపించలేకపోతే మాట్లాడాల్సినప్పుడు పక్కకు రండి. అరిస్తే స్పష్టత రాదు, మాటలు ఇంకా చెదిరిపోతాయి.

చూపించే ప్రతి పనికీ ముందు ఒక చిన్న వాక్యం చెప్పాలి. "నౌ వి పోర్ వాటర్." నీళ్లు పోస్తారు. "నౌ వి వెయిట్." రాయి మెల్లగా ఆరుతుంది. పగులు ఉంటే మిగతా రాయంతా ఆరినా అక్కడ తడి సన్నటి గీతలా నిలిచిపోతుంది. దాన్ని దాటేసి కెమెరా తిప్పేయొద్దు. టేపు పెట్టి చెప్పండి: "దిస్ లైన్ ఈజ్ వెట్. ది రెస్ట్ ఈజ్ డ్రై. ఇట్ స్టార్ట్స్ హియర్. ఇట్ స్టాప్స్ హియర్. సిక్స్ జీరో సెంటీమీటర్స్." అన్నీ నాలుగైదు మాటల వాక్యాలే. మన దగ్గర ఆరో తరగతి పిల్లలు కూడా రాయగలరు. ఇట్లా ఉన్నది ఉన్నట్టు చెప్పే అమ్మాయి ఇంగ్లీషును బయ్యరు ఎంత నమ్ముతాడో నేను కళ్లారా చూశాను. తర్వాత ఆ పగులుకు కొలతలో ఎంత తగ్గించాలన్న బేరం కూడా తేలిగ్గా తెగుతుంది.

మీ సరుకు గురించి ఓ ఐదారు వాక్యాలు నిద్రలో లేపి అడిగినా వచ్చేలా ఉండాలి. గెలాక్సీ విషయంలో అందరూ అడిగేది ఆ బంగారు చుక్కల గురించే, అవి పోతాయా అని. "ఇట్ ఈజ్ నాట్ పెయింట్. ఇట్ ఈజ్ ఎ మినరల్ ఇన్‌సైడ్ ది స్టోన్. ఇట్స్ నేమ్ ఈజ్ బ్రాంజైట్." అంతే.

పలుకు ఎంతవరకు

యాస మార్చుకోనవసరం లేదు. అమెరికా యాస కోసం డబ్బులు కట్టే పిల్లల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. దిద్దుకోవాల్సింది రెండు మూడు చోట్లే.

మొదటిది స్లాబ్, క్రాక్, ప్యాచ్ లాంటి మాటల్లోని అచ్చు. మనం క్రాక్‌ను 'రామారావు'లో 'రా' అన్నట్టు అంటే బయటివాళ్లకు వేరే మాటలా వినపడుతుంది. ఆ అచ్చు మన నోట్లోనే ఉంది. మామూలుగా "బస్సు వచ్చింది, మామ వచ్చాడు" అనండి. 'వచ్చాడు'లో 'చ్చా' దగ్గర నోరు పక్కలకు సాగుతుంది చూడండి, 'స్లాబ్'కి కావలసింది అదే. రెండోది మాట చివర. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బ్లాక్‌ను 'బ్లాకు' అంటాం. చివర నోరు మూసి ఆపండి. ఇటలీవాళ్లకూ చివర అచ్చు తగిలించే అలవాటు ఉంది, వాళ్ల మాట వినేటప్పుడు అది తీసేసి వినండి, అర్థమవుతుంది. మూడోది వేగం. మన మాట గుండ్లకమ్మ వరదలా పోతుంది. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగితే చాలు, మాటల్ని సాగదీయొద్దు.

వినేటప్పుడు అర్థం కాకపోతే 'వాట్? వాట్?' అనకుండా, అర్థమైనంత వరకు తిరిగి చెప్పి మిగతాది అడగండి: "యూ సెడ్ త్రీ బ్లాక్స్ ఆర్ ఓకే. ఆండ్ ది ఫోర్త్ వన్?" అతను మొత్తం మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు, మీరు శ్రద్ధగా విన్నారనీ తెలుస్తుంది. అర్థం కాకుండా నవ్వి ఊరుకోవడం మాత్రం వద్దు.

మర్యాద

తెలుగులో 'అండీ' తగిలిస్తే మర్యాద వచ్చేస్తుంది. ఇంగ్లీషులో ఆ పని 'కుడ్ యూ' చేస్తుంది. "సెండ్ ది అడ్వాన్స్" అంటే ఆజ్ఞ, "కుడ్ యూ సెండ్ ది అడ్వాన్స్ బై ఫ్రైడే?" అంటే మన 'పంపిస్తారా అండీ'. ఫోన్ ఎత్తగానే 'చెప్పండి' అనడం మనకు గౌరవం, 'టెల్ మి' అంటే వాళ్లకు విసుగులా ఉంటుంది. "గుడ్ మార్నింగ్, హౌ కెన్ ఐ హెల్ప్ యూ?" అనండి. ఎట్లా పిలవాలో తెలియకపోతే "వాట్ షుడ్ ఐ కాల్ యూ?" అని అడగడంలో తప్పులేదు. చైనావాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది.

పనిలోకి దిగే ముందు రెండు ముక్కలు మాట్లాడుకోవడం మంచిదే. మన దగ్గర దానికి కొదవ లేదు. బ్రెజిల్ మనిషి దొరికితే ఆవుల గురించి ఎత్తండి. వాళ్ల దేశంలో ఎక్కడ చూసినా కనిపించే తెల్లటి 'నెలోరి' పశువులు మన ఒంగోలు జాతి సంతతే. ఆ పశువుల్ని ఓడలెక్కించిన రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ పేరే అక్కడ నిలిచిపోయింది. "యువర్ నెలోరి కాటిల్ కేమ్ ఫ్రమ్ అవర్ ప్లేస్" అన్నామంటే ఆ కాల్‌లో మిగతా మాటలు చుట్టాలతో మాట్లాడినట్టే సాగుతాయి.

కాల్ పెట్టేశాక

పది నిమిషాల్లోపు వాట్సాప్‌లో రాసి పంపాలి. మా ఆఫీసులో దీనికి మినహాయింపు లేదు. ఎట్లా ఉంటుందంటే: "థాంక్ యూ ఫర్ ది కాల్. వి అగ్రీడ్: 15 (ఫిఫ్టీన్) బ్లాక్స్. లోడింగ్ ఆన్ 18 జూన్. ప్రైస్ యాజ్ పర్ అవర్ మెయిల్ ఆఫ్ 2 జూన్. బ్లాక్ నంబర్ 7: యు విల్ డిసైడ్ బై ఫ్రైడే. ప్లీజ్ రిప్లై ఓకే, ఆర్ కరెక్ట్ మి." చివరి వాక్యం ముఖ్యం. దిద్దమని అడిగితే దిద్దుతారు, అడగకపోతే మొహమాటపడి ఊరుకుంటారు. అంకెను అక్షరాల్లో కూడా రాయడం చెక్కు రాసే పద్ధతే. తేలని విషయాన్ని కూడా తేలలేదని రాసేయాలి.

సాధన

మంచి గురువు మీ జేబులోనే ఉన్నాడు. ఫోన్ కీబోర్డులో మైకు గుర్తు నొక్కి, భాష ఇంగ్లీషు పెట్టి, పాత ప్యాకింగ్ లిస్టు ఒకటి బయటికి చదవండి. ఫోన్ ఏం టైపు చేసిందో చూడండి. 'స్లాబ్' అంటే ఇంకేదో పడిందా, 15 అంటే 50 పడిందా, ఆ మాటల్ని విడిగా రాసుకుని మర్నాడు వాటినే చదవండి. ఒంగోలు నుంచి చీమకుర్తి బస్సులో కూర్చుని చేసుకునేంత చిన్న పని.

ఒక నోటుపుస్తకం పెట్టి అందులో విడి మాటలు కాకుండా పూర్తి వాక్యాలు రాసుకోండి. బయ్యరు నోటినుంచి వచ్చిన వాక్యం పనికొచ్చేలా ఉంటే అదీ రాయండి. మన పనికి తిరిగితిరిగి వచ్చే వాక్యాలు ఎక్కువ ఉండవు, కొద్ది నెలల్లో చేతికొచ్చేస్తాయి.

సీనియర్లకు ఒక మనవి. కొత్త పిల్ల ఫోన్లో మాట్లాడుతుంటే పక్క టేబుల్ మీద నవ్వు వినపడకూడదు. ఏ తప్పయినా కాల్ అయ్యాక, విడిగా, ఒక్కటే చెప్పండి. అంకె తప్పయితే మాత్రం ఆగొద్దు, వెంటనే చీటీ మీద సరైన అంకె రాసి ఆమె ముందు పెట్టండి.